మా తాతయ్యగారి సంతాపసభ

నా చిన్నప్పుడు, మా తాతయ్య పోయారని నేనొకసారి గుక్కపట్టి ఏడ్చాను. అప్పుడాయన నా కళ్ళెదురుగానే కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లటి పంచె కట్టుకుని, మడత నలగని లాల్చీ తొడుక్కుని, నా ఏడుపు చూసి ఏం చేయాలో తోచక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. ఆయన నోరు తెరవకూడదు. అది వాళ్ళ క్లబ్బు నియమం. ఇన్నేళ్ళయినా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ముందు నా అరికాళ్ళు చల్లబడతాయి, ఆ తర్వాతే నవ్వొస్తుంది.

మా నాన్నది ఏడాదికో ఊరు బదిలీ అయ్యే ఉద్యోగం. నా చదువు అటకెక్కుతుందని నన్ను పెదపాడులో మా తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంచేశారు. తాతయ్య వ్యవసాయం చేసేవారు. తెల్లారకముందే చేలోకి వెళ్ళి పొద్దెక్కాక వచ్చేవారు. ఆయన అరుగెక్కి గొంతు సవరించుకుంటే చాలు, వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయడం మానేసేవి. అలాగని కోపిష్టి మనిషి కాదు. నన్ను ఒక దెబ్బ కొట్టింది లేదు, నాయనమ్మని ఒక మాట అన్నదీ లేదు. అసలు మాట్లాడేవారే కాదు, అదే మా ఇంటి కష్టం. నీళ్ళు కావాలంటే "నీళ్ళు" అనేవారు. గొడుగు కావాలంటే "గొడుగు" అనేవారు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు కూరలో ఉప్పెక్కువైతే ఆ సంగతి మాత్రం చెప్పేవారు. బాగుంటే ఏమీ అనకుండా తిని లేచిపోయేవారు. ఏమీ అనలేదంటే బాగున్నట్టేనని మేము అర్థం చేసుకోవాలి.

నాయనమ్మ అందుకు పూర్తిగా విరుద్ధం. ఆవిడ నోరు ఊరుకుండేది కాదు. నాతో, పాలమ్మాయితో, గేదెతో, చివరికి అట్టు మాడితే పెనంతో కూడా మాట్లాడేది. పొద్దున్నే మజ్జిగ చిలుకుతూ ఏవో కూనిరాగాలు తీసేది. తాతయ్య గొంతు సవరించుకోగానే రాగం మధ్యలో తెగిపోయేది. ఆయన అటు చేలోకి వెళ్ళగానే మళ్ళీ తెగిన చోటి నుంచే అందుకునేది. చిన్నపిల్లని కాబట్టి నాకదంతా ఆటలాగానే ఉండేది.

తాతయ్య జీవితంలో ఒకే ఒక్క విలాసం శనివారం సాయంత్రం. ఆ రోజు గడ్డం గీయించుకుని, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, మా పక్కింటి మాస్టారితో కలిసి ఏలూరు బస్సెక్కేవారు. అక్కడ ఒక బట్టల కొట్టు మేడ మీద గదిలో వాళ్ళ క్లబ్బు ఉండేది. రైతులు, బడి పంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, ఒక బియ్యం వ్యాపారి, ఇలా అందరూ మగవాళ్ళే. పక్కింటి మాస్టారు దానికి కార్యదర్శి. వారం వారం చేరి క్యారమ్స్ ఆడుకునేవారట, కాఫీలు తాగేవారట, ఏడాదికోసారి ఎక్కడికైనా వెళ్ళి వండుకు తినేవారట. మా ఇంటి ఆడవాళ్ళకి తెలిసింది ఈ 'అట'లే. నాయనమ్మ మాత్రం, "అక్కడ కూడా గోడకి జారబడి గుండ్రాయిలా కూర్చుంటారు కాబోలు. పాపం, ఆ పదిమందీ ఎలా భరిస్తున్నారో" అని జాలిపడేది.

ఒక చలికాలంలో నాయనమ్మకి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేమీ కాదు, కానీ మంచం దిగనివ్వలేదు. తాతయ్య ఏలూరు వెళ్ళి మందు తెచ్చి, ఆవిడ తలవైపు కిటికీలో పెట్టి, ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయారు. అలాగే మర్నాడూ. జ్వరం తగ్గాక నా తలకి నూనె రాస్తూ నాయనమ్మ చాలా మామూలుగా చెప్పింది, ఇక్కణ్ణించి వెళ్ళిపోతున్నానని. కలిదిండిలో వాళ్ళ తమ్ముడింట్లో ఉండిపోతానని.

"పోట్లాడావా నాయనమ్మా?" అన్నాను.

"పోట్లాడాలన్నా అవతలి మనిషి మాట్లాడాలి కదే పిచ్చిపిల్లా. మందు తెచ్చారు, కాదన్ను. ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఆ గోడకున్న గడియారమే నయం, గంటకోసారైనా పలుకుతుంది."

ఆ వయసులో ఆవిడ మొగుణ్ణి వదిలి పుట్టింటికి వెళ్ళిపోవడమంటే ఏమిటో ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలుసు, నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, నాయనమ్మ లేని ఆ ఇంట్లో నేనూ, ఆ నిశ్శబ్దమూ మిగులుతామని. ఎవరితోనూ చెప్పనని నాయనమ్మ నా చేత ఒట్టు కూడా వేయించుకుంది. మీ నాన్నకి కబురు పెడతాను, నిన్ను వచ్చి తీసుకెళతాడులే అని ఊరడించింది. నాకేం ఊరట కలగలేదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి మాస్టారు వచ్చి, ఈ ఏడు క్లబ్బు వాళ్ళు కొల్లేటి మధ్య ఒక లంకకి వెళుతున్నారనీ, ఎన్నడూ లేనిది ఈసారి ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా పిలుస్తున్నారనీ చెప్పారు. కుప్పనూర్పిళ్ళయిపోయి రైతులంతా తీరుబడిగా ఉన్న మాఘమాసం రోజులవి. నాయనమ్మ మొదట రానంది. తర్వాత ఏదో ఆలోచించి, "ఆ లంక నుంచి అటువైపు కైకలూరుకి పడవలుంటాయా మాస్టారూ?" అని అడిగింది. ఉంటాయండి అన్నారాయన. అయితే వస్తానంది. కైకలూరు రేవులో దిగితే కలిదిండికి బస్సు దొరుకుతుంది. ఆవిడెందుకు అడిగిందో మాస్టారికి తెలియదు. నాకు తెలుసు. వెళుతూ వెళుతూ మాస్టారు, మా గోడ మీదున్న తాతయ్య ఫోటో అద్దం పగుళ్ళిచ్చిందని, మార్పించి తెస్తానని పట్టుకెళ్ళారు. అది మాత్రం మా ఇద్దరికీ వింతగా అనిపించలేదు.

ప్రయాణం ముందురోజు నాయనమ్మ సంచి సర్దింది. అడుగున నాలుగు చీరలు, వాళ్ళమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు, పైన జంతికల డబ్బా. చూసినవాళ్ళు జంతికల సంచే అనుకోవాలి.

మగవాళ్ళు వంటసామానుతో తెల్లవారుజామునే వెళ్ళిపోయారు. మేము పొద్దెక్కాక మాస్టారి భార్యతో కలిసి బస్సులో రేవు దాకా వెళ్ళి పడవెక్కాం. ఇప్పుడు ఆ దారంతా చేపల చెరువులు, గట్లు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు. అప్పుడు మాత్రం కనుచూపు మేర నీళ్ళే. తుంగ దుబ్బుల మధ్య నుంచి పడవ పోతుంటే కొంగలు గుంపులు గుంపులుగా లేచేవి. మిగతా పిల్లలు వాటిని చూసి కేరింతలు కొడుతున్నారు. నేను నాయనమ్మ ఒళ్ళోని సంచినే చూస్తూ కూర్చున్నాను.

లంకలో ఒక చిన్న బడి ఉంది. ఆదివారం కాబట్టి క్లబ్బు వాళ్ళు దాన్ని అడిగి తీసుకున్నారు. పెరట్లో పొయ్యిల పొగ, మసాలా వాసన. లోపల గదిలో బల్లలన్నీ వరసగా వేసి ఉన్నాయి. వాటికెదురుగా ఎత్తయిన బల్ల మీద మా తాతయ్య ఫోటో పెట్టి ఉంది. దానికి నిండుగా పసుపు చామంతుల దండ. ముందు దీపం. పక్కన అగరొత్తులు. బల్లల మీద కూర్చున్న పెద్దమనుషులంతా తలలు వంచుకుని మౌనం పాటిస్తున్నారు.

నేను కేక పెట్టాను. ఏం కేక పెట్టానో నాకు తెలియదు గానీ, పెరట్లో పొయ్యి దగ్గరున్నవాళ్ళు గరిటెలతో సహా పరిగెత్తుకొచ్చారు. పొద్దున్న నడిచి వెళ్ళిన మనిషి! నాయనమ్మ చెయ్యి మెడలోని పుస్తెల మీదికి పోయింది. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. సంచి జారి కిందపడి జంతికల డబ్బా దొర్లింది. అప్పుడు ఫోటోకి పక్కగా, కుర్చీలో, తాతయ్య కనిపించారు. బతికే ఉన్నారు. కళ్ళు ఆర్పుతున్నారు. అయినా నా ఏడుపు ఆగలేదు. దండ వేసిన ఫోటో ఒకవైపు, మనిషి ఒకవైపు ఉంటే, ఏది నమ్మాలో ఆ వయసు పిల్లకి ఎవరు చెబుతారు?

నాయనమ్మ తిన్నగా నడిచి వెళ్ళి ఆ దండ లాగి అవతల పారేసింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఆవిడ అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరండీ ఈ పని చేసింది? మీకు కళ్ళు పోయాయా? నట్టింట్లో దీపం పెట్టినట్టు పెట్టి... పసుపుకుంకాలతో ఉన్నదాన్ని, నా ముందే!"

మాస్టారు చేతులు జోడించుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "వదినగారూ, తప్పుగా అనుకోకండి. ఒక్క నిమిషం వినండి" అని అసలు సంగతి చెప్పారు. కొన్నేళ్ళ కిందట వాళ్ళ క్లబ్బులో ఒక కాంపౌండరుగారు ఉన్నట్టుండి పోయారట. సంతాపసభ పెట్టి తలా ఒకరూ ఆయన మంచితనం గురించి కళ్ళనీళ్ళతో మాట్లాడారట. అంతా విన్న ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి, "ఇవన్నీ ఆయనతో ఎప్పుడైనా అన్నారా?" అని అడిగిందట. ఒక్కరూ అని ఉండలేదట. ఆ సిగ్గుతో అప్పటినుంచీ ఏడాదికొకరికి బతికుండగానే సంతాపసభ చేస్తున్నారు. దండా, దీపం, మౌనం, అంతా పద్ధతి ప్రకారం. మాట్లాడేవాళ్ళు ఆ మనిషి లేనట్టే మాట్లాడాలి, అబద్ధం ఆడకూడదు. సభ అయ్యేదాకా ఆ మనిషి నోరు విప్పకూడదు.

"పోయినవాడు మాట్లాడడు కదండీ" అని బియ్యం వ్యాపారి నవ్వబోయారు. నాయనమ్మ ఒక్క చూపు చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆవిడ దీపం తీసుకెళ్ళి గోడకున్న సరస్వతి పటం ముందు పెట్టింది. అగరొత్తులు కూడా అక్కడికే మార్చింది. ఫోటో తుడిచి తన ఒళ్ళో పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చుంది. "ఇప్పుడు కానివ్వండి" అంది. మేము ఆడవాళ్ళం, పిల్లలం ఆవిడ చుట్టూ చేరాం. నేను ఆవిడ కొంగు వదల్లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. బ్యాంకు ఆయన లేచి, మా తాతయ్య పాట గురించి మొదలుపెట్టారు. కిందటేడు ఇదే కొల్లేట్లో ఆయన పాట ఎత్తుకుంటే పడవవాళ్ళు గెడ వేయడం మర్చిపోయి వింటూ నిలబడ్డారట. పాటా? మా తాతయ్యా? నేను నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ నావైపు చూసింది. తర్వాత బియ్యం వ్యాపారి లేచి, తాతయ్య ఏలూరు బస్సు కండక్టరునీ, ఊరి ప్రెసిడెంటునీ అనుకరిస్తుంటే నవ్వలేక తాము గది బయటికి పారిపోయేవాళ్ళమని చెప్పారు. చెబుతూ చెబుతూ ఆయనకే నవ్వాగలేదు. గదంతా గొల్లుమంది. మా బల్ల మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎవరో పరాయి మనిషి గురించి వింటున్నట్టుంది నాకు. కుర్చీలో ఆ మనిషి తల దించుకుని తన బొటనవేలి వంకే చూస్తున్నారు.

ఒక కుర్ర ఉద్యోగి లేచాడు. కొత్తగా పెళ్ళయినవాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు పిచ్చివాడిలా తిరుగుతుంటే మా తాతయ్య పని మానుకుని రోజూ ఏలూరు వచ్చి, పక్కన కూర్చుని, కబుర్లు చెప్పి, చెప్పించి, తనని మళ్ళీ మనిషిని చేశారన్నాడు. "నా మనసులో ఏముందో నేను చెప్పకముందే ఆయనే అడిగేవారండీ. ఎలా ఉన్నావురా, అన్నం తిన్నావా, నిద్రపట్టిందా అని. అలా అడిగే మనిషి మళ్ళీ దొరకడు" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఎలా ఉన్నావని అడగని జ్వరం నాకు గుర్తొచ్చింది. నాయనమ్మకి గుర్తురాకుండా ఎలా ఉంటుంది? నాకు తాతయ్య మీద పట్టరాని కోపమొచ్చింది. మాటలు రాని మనిషి అనుకున్నాం కాబట్టి ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాం. మాటలన్నీ ఉండి మా ఇంటికి మాత్రం తేలేదన్నమాట.

ఆఖరున ఒక ముసలి రైతు లేచారు. పిక్నిక్కులకి వెళ్ళినప్పుడల్లా మా తాతయ్యే వంటవారట. బొమ్మిడాయి చేపల పులుసు పెడితే గిన్నె గోకాల్సిందేనట. "ఇవాళ పులుసు మేం పెట్టాం. ఆయన లేని లోటు ఇంకాసేపట్లో మీ అందరికీ నాలుకతో తెలుస్తుంది" అంటే అంతా నవ్వారు. "ఎక్కడ నేర్చుకున్నారండీ అని ఒకసారి అడిగాను. ఆయనేమన్నారంటే, మా ఇంట్లో పులుసు కాగుతుంటే అరుగు మీద కూర్చుని వాసన చూసి నేర్చుకున్నాను, నేను పెట్టేది మా ఆవిడ చేతి వంటలో సగానికి కూడా రాదు అన్నారు. ఆ పాటలూ అంతే. మా ఆవిడ మజ్జిగ చిలుకుతూ పాడుకుంటుంది, గుమ్మం అవతల నిలబడి పట్టుకున్నాను అన్నారు. ఆవిడ గురించి చెప్పడం మొదలుపెడితే ఆపేవారు కాదు."

నాయనమ్మ ఒళ్ళో ఫోటో మీద చెయ్యి పెట్టుకుని, ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"వదినగారూ, మీరు కూడా రెండు మాటలు చెప్పాలి" అన్నారు మాస్టారు. క్లబ్బు పుట్టాక ఒక ఆడమనిషిని మాట్లాడమనడం అదే మొదలట. ఆవిడ లేవదనుకున్నాను. లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. గొంతు ఏమాత్రం పెంచకుండా, ఇరుగుపొరుగుతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"మీరంతా ఒక పెద్దమనిషి గురించి చెప్పారండి. చాలా బాగా చెప్పారు. వింటుంటే నాకే ముచ్చటేసింది. పాడతారట, నవ్విస్తారట, ఎలా ఉన్నావని అడుగుతారట. కానీ ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళేదండీ. మా ఇంట్లో ఉండేది వేరే ఆయన. నా వంట బాగుంటుందనీ, నా పాట బాగుంటుందనీ ఇవాళ ఈ రైతుగారి నోట విన్నాను. కాపురానికొచ్చి మనవల్నెత్తాను, ఇవాళ విన్నాను. మీ అందరికీ ఒకటే మనవి. వీలు చూసుకుని ఆ పెద్దమనిషిని ఒక్కసారి మా ఇంటికి పంపించండి. కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను."

కూర్చుంది. తాతయ్య పెదవులు విడివడ్డాయి. మాస్టారి వైపు చూశారు. సభ ముగిసిందని మాస్టారు చెప్పాలి, అప్పటిదాకా ఆయన మాట్లాడకూడదు. మాస్టారు అరచేత్తో మొహం తుడుచుకుంటూ ఆ సంగతే మర్చిపోయారు. మా తాతయ్య కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి జారడం చూసి నా కోపం ఎటు పోయిందో తెలియదు, భయం మాత్రం మిగిలింది. ఆడవాళ్ళు ఏడవడం చూశాను గానీ, ఆయన ఏడుస్తారని నాకు తెలియదు.

భోజనాలు ఎవరు ఎలా తిన్నారో నాకు గుర్తులేదు. పులుసు బాగా లేదని మాత్రం గుర్తుంది. ఆ మాట ఎవరూ అనలేదు.

పొద్దు వాలుతుండగా రేవుకి వచ్చాం. రెండు పడవలున్నాయి. ఒకటి మమ్మల్ని తీసుకొచ్చిన ఏలూరు వైపు పడవ. రెండోది కైకలూరు వైపు పోయేది. సామాను ఎక్కిస్తున్నారు. నాయనమ్మ సంచి గట్టు మీద ఉంది. ఎప్పుడూ ఆవిడ సంచి ఆవిడే మోసుకునేది. ఆ రోజు తాతయ్య వంగి ఆ సంచి చేతిలోకి తీసుకున్నారు. తీసుకుని ఆగిపోయారు. జంతికలన్నీ మధ్యాహ్నమే పిల్లలం తినేశాం. ఖాళీ డబ్బా అంత బరువుండదు.

ఆయన సంచి వంక చూశారు. నీళ్ళ అవతల కైకలూరు వైపు చూశారు. తర్వాత నావైపు చూశారు. నేను ఒట్టు తప్పలేదు, ఒక్క మాట చెప్పలేదు. కానీ నా మొహం చూస్తే ఏ మాటా అక్కర్లేదు. మా తాతయ్య మొహం మధ్యాహ్నం ఫోటో ముందు నాయనమ్మ మొహం ఎలా అయిందో అచ్చం అలాగే తెల్లబోయింది. ఎవరో నిజంగా పోయారన్న కబురు విన్నట్టు.

గొంతు సవరించుకోకుండా, "ఎటు?" అని అడిగారు.

ఆయన నాయనమ్మని ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. ఆవిడ రెండు పడవల వంకా చూసింది.

"ఇవాళ్టికి ఇంటికే" అంది.

మర్నాటి నుంచి మా తాతయ్య గలగలా మాట్లాడేశారని రాస్తే మీరు సంతోషిస్తారు గానీ అది అబద్ధం అవుతుంది. ఆ సంచి అలాగే మంచం కింద ఉండిపోయింది. నాయనమ్మ అందులోంచి చీరలు తీయలేదు. 'ఇవాళ్టికి' అన్న ఆ మాట మా ఇంట్లో అన్నం తిన్నా, నీళ్ళు తాగినా పక్కనే ఉండేది. నేను బడి నుంచి రాగానే ముందు మంచం కిందికి వంగి చూసుకునేదాన్ని. తాతయ్య కూడా చూసుకునేవారని నాకు తెలుసు, ఒకరోజు నేను గదిలోకి వెళ్ళేసరికి ఆయన వంగి ఉండి, నన్ను చూసి చెప్పులు వెతుకుతున్నట్టు నటించారు. వంటింటి గుమ్మం దాకా వచ్చేవారు, నిలబడేవారు, వెళ్ళిపోయేవారు. పదిమందిలో అన్ని మాటలు వచ్చిన మనిషికి ఒక్క మనిషి ముందు మాట రాకపోవడమేమిటని నాకు విసుగ్గా ఉండేది. పెద్దయ్యాక తెలిసింది, ఆ ఒక్క మనిషి ముందే కష్టమని. ఆ తర్వాతి శనివారం లాల్చీ తొడుక్కుని గుమ్మం దాకా వెళ్ళి, మాస్టారు పిలుస్తున్నా, మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం బడి నుంచి నేను అన్నానికొచ్చేసరికి నాయనమ్మ బొమ్మిడాయిల పులుసు పెట్టింది. ఆయన ఎప్పటిలాగే తలెత్తకుండా తిన్నారు, ఎప్పటిలాగే ఏమీ అనకుండా లేచారు. చెయ్యి కడుక్కోవడానికి పెరటి గుమ్మం దాకా వెళ్ళారు. అక్కడ చెంబు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేశారు. ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని వెనక్కి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"పులుసు చాలా బాగుంది. నీలా ఇంకెవరికీ రాదు" అన్నారు. ఆ తర్వాత, అప్పచెప్పాల్సిన పాఠంలో ఇంకా ఒక ముక్క మిగిలిపోయినట్టు, "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగారు. జ్వరం తగ్గి ఎన్నాళ్ళయిందో!

నాయనమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. నావైపు తిరిగింది.

"ఒసేయ్, మీ తాతయ్య ఒళ్ళు వెచ్చగా ఉందేమో చెయ్యేసి చూడవే."

తాతయ్య నవ్వారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ నవ్వు పెద్దది, బొంగురుది, గదిలో పట్టనిది. అది ఇన్నాళ్ళూ ఎక్కడుందో! నాయనమ్మ నవ్వలేదు. లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల ఆవిడ వెక్కివెక్కి ఏడవడం మాకిద్దరికీ వినిపించింది. ఆయన ఆ చేత్తో అలాగే నిలబడ్డారు, పులుసు వేళ్ళ మీద ఎండిపోయింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి మంచం కింద సంచి లేదు. నాలుగు చీరలూ దండెం మీద వేలాడుతున్నాయి.

చాలా ఏళ్ళ తర్వాత పక్కింటి మాస్టారు నాతో ఒకమాట చెప్పారు. ఆ ఏడు నిజానికి తాతయ్య వంతు కాదట. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ అవతల నుంచి ఎన్నడూ మా తాతయ్య గొంతు వినబడేది కాదనీ, శనివారం బస్సెక్కగానే ఆ గొంతు ఆగేది కాదనీ, ఆ తేడా భరించలేక తానే వంతు ముందుకు జరిపించి, ఆడవాళ్ళని పిలిపించి, ఫోటో ఎత్తుకెళ్ళాననీ చెప్పారు. వదినగారు వింటే చాలనుకున్నాను, ఆవిడ మాట్లాడుతుందని అనుకోలేదమ్మా అన్నారు. సంచి సంగతి ఆయనకి అప్పటికీ తెలియదు. నేను చెబితే ఆ పెద్దాయన కళ్ళజోడు తీసి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

నాయనమ్మే ముందు వెళ్ళిపోయింది. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు. పెద్దకర్మ రోజున క్లబ్బు వాళ్ళంతా, మిగిలినవాళ్ళు, కర్రలు పట్టుకుని వచ్చారు. తలా ఒకరూ ఆవిడ గురించి చెప్పారు. చివర్న తాతయ్యని మాట్లాడమన్నారు. ఆయన లేచి నిలబడ్డారు.

"చెప్పాల్సినవన్నీ ఆవిడకే చెప్పేశానండీ. ఇక్కడ చెప్పడానికేం మిగల్చలేదు."

అంతే, కూర్చున్నారు. అంతేనా, ఎంత రాతిగుండె అని వెనకాల చుట్టాలు గుసగుసలాడుకున్నారు. నేను మాత్రం, ఆ రోజు పులుసు ఎండిపోయిన ఆయన కుడిచెయ్యి వంకే చూస్తూ ఏడ్చాను.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా కోడలు వండి పెడుతుంది. తిన్నాక ఎంగిలి చేత్తోనే వంటగదిలోకి వెళ్ళి, ఏది బాగుందో, ఎందుకు బాగుందో చెప్పేసి అప్పుడు కుళాయి దగ్గరికి వెళతాను. ఆ పిల్ల మొదట్లో హడలిపోయేది. ఇప్పుడు నవ్వుతుంది. "చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ, ఎండిపోతోంది" అంటుంది.

ఎండిపోనీ. చెయ్యి కడుక్కున్నాక చెప్పొచ్చులే అనుకుని మా తాతయ్య ఎన్నేళ్ళు పోగొట్టుకున్నారో నేను చూశాను.